విద్యుద్వాద్యమున గమకము

పరదేశవాద్యములను స్వీకరించి తనవిగా జేసికొనుట కర్ణాటకసంగీతమునకు క్రొత్త గాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) పాశ్చాత్యుల ఫిడేలును మన సంగీతమునకు దెచ్చెను. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి (1893–1964) చేతిలో నది తెలుగువారి యింటి వాద్యమే యయ్యెను. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున నీ కథ మఱల జరిగినది. ఈసారి వాద్యముతోపాటు విద్యుత్తు కూడ వచ్చినది.

ముందుగా లోకమున జరిగినదానిని గొంత చూడవలెను. 1967లో కాలిఫోర్నియాలోని మాంటెరే సంగీతోత్సవమున పండిత రవిశంకరులు సితారు వాయించిరి. స్వప్నావస్థను దలపించు ‘సైకెడెలిక్’ సంగీతము అమెరికా యువతలో ప్రబలిన కాలమది. రవిశంకరుల అన్నగారగు ఉదయశంకరుల కుమారుడు ఆనందశంకర్ 1970లో, సితారుతో మూగ్ సింథసైజర్ అను విద్యుద్వాద్యమును గలిపి యొక రికార్డును వెలువరించెను. 1982లో బొంబాయియందు చరణ్‌జీత్ సింగ్ పది రాగములను సింథసైజర్లపై వాయించి, యంత్రము వేయు డిస్కో తాళమునకు గూర్చెను. నాడు అంతగా ఆదరణ పొందని యా రికార్డు 2010లో మఱల వెలువడి విదేశములందు పేరుగాంచెను. ఇట్టి మేళనములు క్రమముగా విశ్రాంతిశాలలలో మెల్లగా మ్రోగు ‘లౌంజ్’ సంగీతమునకు సామగ్రి యయ్యెను. అట్టివానిలో పెక్కింట రాగము పరిమళమువలె సోకి పోవును. దాని నడక మాత్రము నిలువదు.

తెలుగునాట విద్యుత్తు వేఱొక అవసరమునకై వచ్చినది. పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్, ఆఱేండ్ల ప్రాయముననే తండ్రి సత్యనారాయణగారి మాండలిన్‌ను చేతబట్టెను. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి ఆ వాద్యము వాయించుట తెలియదు. ఆయన పాడగా బాలుడు దానినే తంత్రులపై పలికించెడివాడు. ఈ గాత్రశిక్షయే తరువాతి మార్పునకు మూలమని చెప్పవచ్చును.

ఇటలీనుండి వచ్చిన మాండలిన్‌కు ఎనిమిది తంత్రులు, నాలుగు జంటలుగా నుండును. మీటిన స్వరము క్షణములో నణగిపోవును. అందువలన పాశ్చాత్యులు ఒక్క స్వరమునే వడివడిగా పలుమాఱులు మీటి, దానిని నిలిపినట్లు తోపింతురు. మన సంగీతమున కది చాలదు. స్వరము నిలిచియుండగనే దానిని ఊపవలెను, జార్చవలెను. అదియే గమకము. జంటతంత్రులను శ్రుతి చెడకుండ లాగుటయు కష్టమే. శ్రీనివాస్ జంటలను విడిచి, ఐదు ఒంటితంత్రులు గల విద్యున్మాండలిన్‌ను స్వీకరించెను. తంత్రి సులువుగా వంగెను, నాదము నిలిచెను, మంద్రస్థాయికి వెసులుబాటు కలిగెను. ఇచట విద్యుత్తు వింతకొఱకు గాక, గమకమునకు ఊపిరిగా వచ్చినది.

1978లో గుడివాడ త్యాగరాజోత్సవమున ప్రథమ కచేరీ జరిగెను. మాండలిన్ కర్ణాటకసంగీతమునకు దగునా యని సందేహించినవారు లేకపోలేదు. వాదనమే వారికి సమాధానమయ్యెను. 1983లో, పదునాలుగేండ్ల వయస్సున, ఆయన బెర్లిన్ జాజ్ ఉత్సవమున వాయించెను.

1995లో ఇంగ్లండులోని రియల్ వరల్డ్ సంస్థ ‘డ్రీమ్’ అను సంపుటమును వెలువరించెను. అందు శ్రీనివాస్‌తో గూడినవాడు కెనడా దేశీయుడగు మైకేల్ బ్రూక్. మీటిన స్వరమును కోరినంతసేపు నిలుపు ‘ఇన్ఫినిట్ గిటార్’ను రూపొందించినవా డాయనయే. నిలిచిన నాదము ఒకరికి గమకమునకు ఆధారము, మఱొకరికి విశాలమైన నేపథ్యము. స్వప్నమను పేరుగల యా మేళనమున సైతము మాండలిన్ తన పలుకుబడిని విడువలేదు. తరువాత ‘రిమెంబర్ శక్తి’ బృందమున జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌లతో వాయించునపుడును అదియే తీరు. 1998లో పద్మశ్రీ నందుకొనిన శ్రీనివాస్, 2014 సెప్టెంబరు 19న చెన్నపురిలో నలువదియైదేండ్లకే కీర్తిశేషుడయ్యెను.

బొగ్గుగనులకును, విద్యుదుత్పత్తికిని పేరుపొందిన చంద్రపురమున, బాబుపేట్‌వంటి తావులలో మరాఠీ హిందీల నడుమ మెలగు తెలుగువారికి ఈ చరిత్ర పరాయిది గాదు. ఇంటికి వెలుపల వాడుక యంతయు అన్యభాషలోనే. వానిని నేర్వక తప్పదు, నేర్చుట తప్పును గాదు. అయినను పాలకొల్లు బాలునికి వాద్యము చేతికి వచ్చిన తొలినాళ్లలోనే గురువుగారి పాట చెవిబడెను. మన పిల్లలకును తెలుగుపలుకు అట్లు తొలుతనే చెవి బడవలెను. అది నిలిచినచో, పిమ్మట ఏ వాద్యము చేబట్టినను గమకము మనదిగనే యుండును.