పరధ్యానం

'పర' అంటే వేరొకటి. 'ధ్యానం' ఆలోచించడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు 'ధ్యై' నుంచి వచ్చింది. రెండూ కలిస్తే, ఎదుట ఉన్నదాన్ని విడిచి వేరొకదాని మీద నిలిచిన మనసు. దీనికి తోడుమాట 'పరాకు'. 'చిరాకు పరాకు' అని జంటగానూ అంటాం.

ఈ మాటను ఎక్కువగా మందలింపుకే వాడతాం: "ఏంటా పరధ్యానం? లెక్క మళ్లీ తప్పింది!" నిజానికి మాటలో నింద లేదు. మనసు ఊరికే లేదు, మరో బరువు మోస్తోందని మాత్రమే అది చెబుతుంది.

ఆ బరువు దిగులో, ఆందోళనో అయితే, అది పనిని ఎంత వెనక్కి లాగుతోందో హాజరుపట్టీ చెప్పలేదు. అందులో సంతకం ఉంటుంది, మనసు ఉండదు. అందుకే పనితీరుపై ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రశ్నావళి, ఎన్ని రోజులు రాలేదని అడిగి ఊరుకోదు. గత 4 వారాల్లో పని ఎలా చేశారో 0 నుంచి 10 లోపు మనల్నే అంకె వేయమంటుంది. కుంగుబాటును తూచే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిలోనూ 9 ప్రశ్నల తర్వాత, ఈ బాధల వల్ల పని చేసుకోవడం, ఇల్లు చూసుకోవడం, నలుగురితో మెలగడం ఎంత కష్టమైందని అడుగుతారు.

పక్క సీటులో ఎవరైనా పరధ్యానంగా కనిపిస్తే, "ధ్యాస ఎక్కడుంది?" అన్న ప్రశ్నను గద్దింపుగా కాక ఆప్యాయంగా అడుగుదాం.