అయిదు వందలు వాళ్ళ తీరున, రెండు వందలు మన తీరున

మెసయీద్‌లో మా ఇంటి హాల్లో అలమర మీద రెండు బొమ్మలున్నాయి. ఒకటి మా పెళ్ళికి మా ఆవిడ పెద్దమ్మగారు ఇచ్చిన తంజావూరు బొమ్మ, వెన్నకుండతో బాలకృష్ణుడు. రెండోది నాతో ఆరేళ్ళు ఒకే షిఫ్టులో పనిచేసిన సిరియా మిత్రుడు ఉద్యోగం మాని వెళ్ళిపోతూ ఇచ్చినది. అరచేయంత చెక్క మీద, బంగారు రంగు మధ్య, బిడ్డనెత్తుకున్న మరియమ్మ. వాళ్ళది ఆర్థడాక్స్ చర్చి. ఇలాంటి బొమ్మని వాళ్ళు ఐకన్ అంటారు. గ్రీకులో ఆ మాటకి పోలిక, ప్రతిరూపం అని అర్థం.

ఒక శుక్రవారం భోజనానికి ఇద్దరు స్నేహితులొచ్చారు. గుంటూరు ఆయన బాలకృష్ణుణ్ణి చూసి, "ఇది అరవవాళ్ళ బొమ్మ కదండీ! మనకి కలంకారీ ఉంది, చేర్యాల బొమ్మలున్నాయి. తెలుగువాళ్ళింట్లో ఇదెందుకు?" అన్నారు. రెండో అతనిది జగిత్యాల. ఆయిలు ట్యాంకులకి రంగులేసే పనిలో ఫోర్‌మన్. అతనేమీ మాట్లాడకుండా రెండు చెక్కల్నీ పక్కనుంచి వంగి చూశాడు. "సార్, రెండిట్ల ప్రైమర్ ఒక్కటే లెక్కనుంది. చెక్క మీద గుడ్డ, గుడ్డ మీద సుద్ద. గిది గీడ ఎట్లొచ్చింది, గది గాడ ఎట్లొచ్చింది?" అన్నాడు.

ఒకరిది ఎవరి బొమ్మ అనే ప్రశ్న, ఇంకొకరిది ఎలా చేశారనే ప్రశ్న. రెండూ నన్ను వదల్లేదు. ఆ తర్వాత కొన్ని నెలలపాటు దొరికినవన్నీ చదివాను. తెలిసింది మీతో పంచుకుంటాను.

ముందు ఫోర్‌మన్ ప్రశ్న. అతని కన్ను సరిగ్గానే చూసింది. పాతకాలపు పద్ధతిలో ఐకన్ వేసేవాళ్ళు చెక్క పలక మీద గుడ్డ అంటించి, దాని మీద సుద్ద, జిగురు కలిపి పూతలు పూతలుగా పూసి, నున్నగా రుద్ది, బంగారు రేకు అతికి, ఆ తర్వాత కోడిగుడ్డు సొనలో కలిపిన రంగులు వేస్తారు. తంజావూరులోనూ పలక మీద గుడ్డ, గుడ్డ మీద సుద్ద, జిగురు. ఉబ్బెత్తుగా కనబడవలసిన చోట ఇంకా దట్టంగా మక్కు పెట్టి, రాళ్ళు పొదిగి, బంగారు రేకు అంటిస్తారు. ఒకర్ని చూసి ఇంకొకరు నేర్చుకున్నారని నేననడం లేదు. ఇద్దరి అవసరమూ ఒకటే. రెండు బొమ్మలూ దీపం వెలుగులో దణ్ణం పెట్టుకోవడానికి చేసినవి. కరెంటు దీపాల కింద కాస్త ఆర్భాటంగా అనిపించే ఆ బంగారం, నూనె దీపం ముందు మెల్లగా కదులుతుంది. లైట్లు ఆర్పి ఒకసారి చూడండి, మీకే తెలుస్తుంది.

ఇక ఎవరి బొమ్మ అనే ప్రశ్న. దీనికి కొంచెం చరిత్ర కావాలి.

ఐకన్ల పుట్టిల్లు బైజాంటియన్ సామ్రాజ్యం, దాని రాజధాని కాన్‌స్టాంటినోపుల్, ఇవాళ్టి ఇస్తాంబుల్. ఐకన్‌లో నీడలు పడవు, దూరంగా కొండలూ ఆకాశమూ ఉండవు. వెనకాల అంతా బంగారమే. అది ఈ లోకపు చోటు కాదని చెప్పడం దాని ఉద్దేశం. 1204లో నాలుగో క్రూసేడు సైన్యాలు ఆ నగరాన్ని దోచుకున్నాయి. అక్కడి సంపద చాలా వెనిస్‌కి చేరింది. ఆ శతాబ్దంలో ఇటలీ చిత్రకారులు గ్రీకు తీరునే అనుసరించారు. 1311లో సియెనా పెద్ద చర్చికి దూచో వేసిన మరియమ్మ చుట్టూ ఇంకా బంగారమే ఉంది, కానీ ఆవిడ బట్టల మడతలు మాత్రం నిజం బట్టల్లా జారడం మొదలుపెట్టాయి. జోత్తో చిత్రకళని గ్రీకులోంచి లాటిన్‌లోకి మార్చాడని తర్వాతి తరం చిత్రకారుడు చెన్నీని రాశాడు. బొమ్మలు వేయడాన్ని అనువాదంతో పోల్చడం నాకు భలే నచ్చింది. నీడ, లోతు, మనిషి ఒంటి బరువు, ఇవన్నీ ఆ అనువాదంలో వచ్చి చేరినవే. రినైసాన్స్ అని మనం బళ్ళో చదువుకున్న దానికి అదొక తొలి మెట్టు.

అంటే ముందు పడమర తూర్పు దగ్గర నేర్చుకుంది. తర్వాత గాలి తిరిగింది.

1453లో కాన్‌స్టాంటినోపుల్ తురుష్కుల వశమైంది. అంతకు ముందు నుంచే అక్కడి చిత్రకారులు కొందరు క్రీట్ ద్వీపానికి వలస వెళ్తున్నారు. క్రీట్ గ్రీకు నేలే, కానీ 1211 నుంచి 1669 దాకా వెనిస్ ఏలుబడిలో ఉంది. దాని రేవు పట్టణం కాండియా, ఇవాళ్టి హెరాక్లియన్. గ్రీకు ప్రజ, వెనిస్ దొరలు, రేవు నిండా ఓడలు. మా మెసయీద్ కూడా రేవే. ఉమ్ సయీద్ అని పిలిచే రోజుల్లో, 1949 చివర్లో, ఖతార్ తొలి చమురు ఓడ ఇక్కణ్ణించే వెళ్ళింది. రేవు ఉన్నచోట ఎవరి సరుకో ఎవరి చేతిలోనో తయారవుతుందని మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కాండియాలో ఆంజెలోస్ అకోతాంతోస్ అనే చిత్రకారుడు 1436లో కాన్‌స్టాంటినోపుల్ ప్రయాణం పెట్టుకుని, తిరిగొస్తానో లేదోనని వీలునామా రాశాడు. భార్య అప్పుడు గర్భవతి. పుట్టబోయేది మగపిల్లవాడై, ఈ పని నేర్చుకుంటే, తన బొమ్మల నమూనా గీతలు వాడికి చెందాలని, లేకపోతే తమ్ముడు యోవానిస్‌కి ఇవ్వాలని రాశాడు. చివరికి 1477లో ఆ తమ్ముడు 54 నమూనాల్ని ఆంద్రియాస్ రిట్జోస్ అనే మరో చిత్రకారుడికి అమ్మాడు. ఇల్లు, పొలం లాగే గీతలూ ఆస్తి!

ఇక 1499 నాటి ఒప్పందం. ఇద్దరు వర్తకులు కాండియాలో ముగ్గురు చిత్రకారులకి ఒకేసారి 700 మరియమ్మ బొమ్మలు పురమాయించారు. గడువు నెలన్నర. అందులో 500 లాటిన్ తీరున, 200 గ్రీకు తీరున ఉండాలి. మళ్ళీ చదవండి. అవే చేతులు, అదే సుద్ద, అదే బంగారం. కొనేవాడు కేథలిక్కయితే అమ్మ ముఖం ఒకలా, ఆర్థడాక్స్ అయితే ఇంకొకలా. పొద్దున్న ఆఫీసులో ఇంగ్లీషు, మధ్యాహ్నం సైటులో విరిగిన అరబీ, హిందీ, రాత్రి ఫోనులో అమ్మతో తెలుగు మాట్లాడే మనకి ఈ లెక్క అర్థం కాదా?

అయితే రెండు తీరులూ అలా విడివిడిగా మిగల్లేదు. అదే కాలంలో కాండియాలో నికోలావోస్ జఫూరిస్ వంటివాళ్ళు ఒక కొత్త మరియమ్మని వేశారు. పైన గ్రీకు ముసుగే, దాని కింద ఇటలీ ఆడవాళ్ళ పల్చటి మేలిముసుగు. ముఖంలో ఇటలీ మెత్తదనం. ఆ బొమ్మని ఆర్థడాక్స్ ఇళ్ళవాళ్ళు కూడా ఇష్టంగా తెచ్చుకుని దీపం పెట్టుకున్నారు. పరాయి ఆర్డరు కోసం నేర్చుకున్నది మెల్లగా ఇంటి దేవత ముఖంలోకి వచ్చేసింది.

ఇప్పుడు మన వైపు రండి. 1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధంతో విజయనగరం కూలింది. లేపాక్షి కప్పుల మీద చూస్తాం కదా, ఆ కాలపు చిత్రకళకి ఆసరా పోయింది. రాయలసీమ ప్రాంతపు చిత్రకారులు, రాజులు, నాయుళ్ళు అని పిలిచే కుటుంబాలవారు, దక్షిణానికి కదిలారు. తంజావూరు, మదురైలలో నాయకరాజుల కొలువులు తెలుగు కొలువులే. 1673లో తంజావూరు నాయకుల పాలన ముగిసి, తర్వాత కొద్దికాలానికే మరాఠాలు వచ్చారు. మనం ఇవాళ తంజావూరు బొమ్మ అని గుర్తుపట్టే దాని రూపం చాలావరకు మరాఠాల కాలంలో, ముఖ్యంగా 1798 నుంచి 1832 దాకా ఏలిన రెండో శరభోజి రోజుల్లో, స్థిరపడింది. అంటే చేతులు తెలుగువి, నేల తమిళులది, రాజు మరాఠా, బొమ్మలో చిన్ని కృష్ణుడు అందరివాడు.

ఇక్కడా 'లాటిన్ తీరు' ఆర్డర్లు వచ్చాయి. 1799 తర్వాత అధికారం కంపెనీ చేతికి పోయింది. దొరలకి బంగారు కృష్ణుడు అక్కర్లేదు. ఈ దేశంలో ఏ కులంవాడు ఎలా ఉంటాడు, ఏ పనివాడి చేతిలో ఏ పనిముట్టు ఉంటుంది అని చూపించే ఆల్బములు కావాలి. తంజావూరు చిత్రకారులే విలాయతీ కాగితం మీద నీటిరంగులతో, వెలుగు నీడలు దిద్ది, మొగుడూ పెళ్ళామూ జంటలుగా వేసిచ్చారు. అవి ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. 1855లో మగ సంతానం లేకుండా రెండో శివాజీ పోవడంతో రాజ్యమే పోయింది. బొమ్మ మాత్రం చెట్టియార్ల ఇళ్ళ పూజగదుల్లో బతికింది.

కేరళలో రవివర్మకి తొలి పాఠాలు చెప్పిన మేనమామ రాజరాజవర్మ తంజావూరు పద్ధతి తెలిసినవాడు. 1868లో తిరువనంతపురం వచ్చిన థియొడోర్ జెన్సన్ పని చూసి రవివర్మ తైలవర్ణాల మర్మం గ్రహించాడు. యూరపు రినైసాన్స్ సాధించిన లోతు, ఒంటి బరువు అలా మన లక్ష్మికీ సరస్వతికీ వచ్చాయి. 1894లో బొంబాయిలో ఆయన పెట్టించిన అచ్చుయంత్రంతో ఆ బొమ్మలు మన తాతల ఇళ్ళ గోడలకెక్కాయి. 700 మరియమ్మల ఆర్డరు గుర్తొస్తోందా?

రెండు కథల్లో ఒక్క తేడా ఉంది. అది నన్ను కొంచెం బాధపెట్టింది. కాండియా చిత్రకారుల పేర్లు మనకి తెలుసు. అక్కడి నోటరీలు వీలునామాలు, ఒప్పందాలు రాసిపెట్టారు, చాలామంది బొమ్మ మీద సంతకం చేశారు. తంజావూరు పాత బొమ్మల మీద చాలావరకు పేర్లు లేవు. మా బాలకృష్ణుడి వెనక కూడా దుకాణం వాళ్ళ చీటీ తప్ప ఏమీ లేదు.

సంతకం మాట వచ్చింది కాబట్టి కాండియాలో 1541లో పుట్టిన ఒకాయన గురించి చెప్పి ముగిస్తాను. పేరు దొమేనికోస్ థెయొటొకోపులోస్. ఐకన్లు వేసేవాడిగా జీవితం మొదలుపెట్టాడు. ఆయన తొలినాటి ఐకన్ ఒకటి, మరియమ్మ నిర్యాణం, సిరోస్ ద్వీపంలో ఒక చర్చిలో మామూలుగా పూజలందుకుంటూ ఉండగా, 1983లో దాని మీద సంతకం బయటపడింది. ఇరవై ఆరేడేళ్ళ వయసులో వెనిస్ వెళ్ళాడు. అక్కడ గ్రీకు వలసదారులకి 1498 నుంచే ఒక సంఘం ఉంది, సొంత చర్చి కట్టుకుంటున్నారు. మన తెలుగు సంఘాల లాంటిదే అనుకోండి. 1570లో రోమ్, 1577లో స్పెయిన్‌లోని టొలీడో. 1614లో అక్కడే పోయాడు. ఇటలీవాళ్ళు 'గ్రెకో' అన్నారు, ముందు స్పానిష్ 'ఎల్' చేరి 'ఎల్ గ్రెకో' అయింది. అంటే 'ఆ గ్రీకువాడు'. ఇక్కడ మన ఊరూ పేరూ అడక్కుండా అందర్నీ 'హిందీ' అనేస్తారే, అలాగన్నమాట. 1582లో టొలీడోలో మతవిచారణ కోర్టు ముందు నిలబడ్డ ఒక గ్రీకు కుర్రాడికి భాష రాకపోతే దుబాసీగా వెళ్ళింది ఈయనే. మన కుర్రాడొకడికి ఆసుపత్రిలోనో పోలీసు స్టేషన్లోనో మాట సాయానికి వెళ్ళని తెలుగువాడు గల్ఫులో అరుదు.

ఆయన వేసిన గొప్ప చిత్రం 'ఓర్గాజ్ ప్రభువు ఖననం', 1586 నుంచి 1588 మధ్య పూర్తయింది. కింద నిజం మనుషులు, నిజం నల్ల బట్టలు, అంతా పడమటి పద్ధతి. మధ్యలో ఒక దేవదూత చనిపోయిన ప్రభువు ఆత్మని పసిబిడ్డ రూపంలో పైకి తీసుకుపోతున్నాడు. ఆత్మని పసిబిడ్డగా చూపడం మరియమ్మ నిర్యాణం ఐకన్లలో ఉన్నదే, ఆయన చిన్నతనంలో నేర్చినదే. బొమ్మ ముందు భాగంలో ఒక చిన్న పిల్లవాడు నిలబడి ఉంటాడు. వాడు ఆయన కొడుకు, టొలీడోలో 1578లో పుట్టాడు. వాడి జేబులోంచి బయటికి కనబడే చేతిరుమాలు మీద ఉంది తండ్రి సంతకం, వాడు పుట్టిన సంవత్సరంతో సహా. స్పానిష్‌లో కాదు, గ్రీకు అక్షరాల్లో. స్పెయిన్‌లో ముప్ఫై ఏడేళ్ళున్నా ఆయన తన బొమ్మల మీద గ్రీకులోనే సంతకం చేశాడు.

ఇదంతా ఇంకో శుక్రవారం ఆ మిత్రులిద్దరికీ చెప్పాను. గుంటూరు ఆయన, "అయితే తంజావూరు బొమ్మ మనదే అన్నమాట!" అన్నారు సంబరంగా. మనది కూడా అన్నాను. ఆ 'కూడా' ఆయనకి అంతగా రుచించలేదు. ఆయన్ని తప్పు పట్టను, చదవకముందు నేనూ అలాగే అనేవాణ్ణి.

ఫోర్‌మన్ చాలాసేపు ఊరుకుని, "మా ట్యాంకుల మీద స్టెన్సిల్ కొడ్తం సార్. ఏం రంగు, ఏ తారీఖు, అన్నీ రాస్తం. ఏసినోని పేరుండదు" అన్నాడు. తర్వాత, "ఆ పోరడు ఆ రుమాలు మీద రాసింది చదివెటోడా?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. లోపల గదిలో మా అమ్మాయి ఎవరితోనో ఫోనులో ఇంగ్లీషులో మాట్లాడుతోంది. ఈ వ్యాసం తెలుగులోనే రాశాను. కింద సంతకమూ తెలుగులోనే పెట్టాను. ఒక ప్రతి తన బల్ల మీద పెడతాను.