జీతం లేని కొలువు: సంఘం బాధ్యత మనకు ఇచ్చినదేమిటి?

కార్యవర్గం మారే సమయం వచ్చినప్పుడల్లా ఊరూరా ఒక మాట వినబడుతుంది. "ఆ పదవి నాకెందుకక్కా? జీతమా, బత్తెమా? ఒక్క దినం మీటింగుకు పోతే ఒక్క దినం కైకిలి పోతది. పైగా అందరితోని మాట పడాలె." ఇందులో అబద్ధం ఏమీ లేదు. గ్రామ సంఘంలో గానీ మండల సమాఖ్యలో గానీ అధ్యక్షురాలు, కార్యదర్శి, కోశాధికారి జీతానికి పనిచేసేవాళ్ళు కారు. మరి ఇన్నేళ్ళుగా ఇంతమంది అక్కచెల్లెళ్ళు ఆ బరువు ఎందుకు ఎత్తుకున్నారు? వాళ్ళకు దక్కింది ఏమిటి? జవాబు కోసం దూరం పోనక్కరలేదు, మన ఝరాసంగం, జహీరాబాదు ప్రాంతపు చరిత్ర చూస్తే చాలు.

ఒకప్పుడు ఊరి పెత్తనం అంటే మగవాళ్ళదే. సహకార సంఘంలో అప్పు ఎవరికివ్వాలో, కరువు పని ఎవరికి దొరకాలో భూమి ఉన్న పెద్దమనుషులే తేల్చేవారు. కూలి చేసే ఆడమనిషికి, అందులోనూ దళిత ఆడమనిషికి, ఆ కూటంలో కూర్చునే చోటే లేదు. 1983లో పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పని మొదలైంది. కొన్నాళ్ళకే ఆ పనికి ఆడవాళ్ళ సంఘాలే ఆధారమయ్యాయి. ఆ సంఘాలు వేరు, మన పొదుపు సంఘాలు వేరు. అయినా జీతం లేకుండా పదిమంది సొత్తుకు కాపలా ఉండడమంటే ఏమిటో ఈ ప్రాంతానికి ముందుగా చూపింది వాళ్ళే.

1990ల నడుమ వాళ్ళు చేపట్టిన జొన్నల నిధిని చూడండి. రేషన్ దుకాణంలో దొరికేది బియ్యం. మన ఎర్ర నేలల్లో పండేది జొన్న. పేదల భూములు చాలావరకు బీళ్ళుగా పడి ఉండేవి. ముప్పైకి పైగా ఊళ్ళలో ఆ బీళ్ళను సాగులోకి తెచ్చేందుకు రైతులకు అప్పు ఇచ్చారు. ఆ అప్పును వాళ్ళు పైసల్లో కాదు, కొన్నేళ్ళపాటు ఏటా ఇంత అని జొన్నల్లో తీర్చాలి. అలా వచ్చిన గింజలను ఊళ్ళోనే నిల్వ చేసి, తిండికి కరువయ్యే రోజుల్లో పేద ఇండ్లకు తక్కువ ధరకు ఇచ్చేవారు.

ఇదంతా నడిపింది ఊరి ఆడవాళ్ళ కమిటీలే. ఏ చేను దున్నారో, ఎరువు వేశారో లేదో ఒక్కొక్కరు కొన్ని ఎకరాలు పంచుకుని చూసేవారు. అన్నిటికన్నా కష్టమైనది పేరు రాసే పని. నేల మీద ఊరి పటం గీసి, ఏ ఇల్లు ఎంత పేదదో నలుగురి ముందే తేల్చాలి. సొంత ఆడపడుచు ఇంటికి కార్డు రాదని చెప్పాలి, మాట్లాడుకోని ఇంటికి వస్తదని చెప్పాలి. అట్లా చెప్పినవాళ్ళకు నిష్ఠూరాలు తప్పలేదు. కానీ "ఈ ఇంటికి ఎందుకు, ఆ ఇంటికి ఎందుకు కాదు" అని అడిగితే జవాబు చెప్పగలిగే మనుషులయ్యారు. ఏ బడీ నేర్పని చదువు అది.

మన మండలంలోని మాచునూరు సంగతి కూడా అలాంటిదే. అక్కడి సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న గాలిలోకి వచ్చింది. ఒక స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యంలో, పల్లె ఆడవాళ్ళ చేతుల మీదుగా నడిచిన తొలి సముదాయ రేడియోగా దేశమంతటికీ తెలిసింది. దానికి పది ఏండ్ల ముందు నుంచే ఆడవాళ్ళు మాటలు, పాటలు రికార్డు చేసి, లైసెన్సు లేనందున క్యాసెట్ల మీదనే సంఘాలకు వినిపించారు. పదేండ్లు ఓపిక పట్టి నిలబెట్టుకున్నారు.

ఇక మన పొదుపు సంఘాల దారి. 1982లో డ్వాక్రా మొదలైంది. 1992లో నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలిపింది. 2000లో వెలుగు వచ్చింది. సంఘాలు కలిసి గ్రామ సంఘం, గ్రామ సంఘాలు కలిసి మండల సమాఖ్య అయ్యాయి. వీటి నడుమ 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టాన్ని మరచిపోరాదు. 1964 నాటి పాత చట్టం కింద సర్కారు పాలకవర్గాన్ని తీసేసి తన మనుషులను కూర్చోబెట్టగలిగేది. కొత్త చట్టం ఆ పెత్తనాన్ని సభ్యులకే ఇచ్చింది, దానితోపాటు బాధ్యతనూ వాళ్ళ మీదనే పెట్టింది. సర్వసభ్య సమావేశం, ఎన్నికలు, ఆడిట్ సమయానికి జరిపించాల్సింది పాలకవర్గమే. అంటే మన సంఘం మంచిచెడ్డలు కార్యవర్గంలో కూర్చున్న ఆడబిడ్డల చేతిలోనే ఉన్నాయి.

ఇంగ్లండులో ధర్మసంస్థలను నడిపే ట్రస్టీలలో కూడా ఎక్కువమంది జీతం లేకుండానే పనిచేస్తారు. పని నేర్చుకోవడం, కొత్తవాళ్ళ పరిచయం, ధైర్యం వాళ్ళకు దక్కే లాభాలు. మనకు దక్కేవీ అవే, కాకపోతే మన దగ్గర వాటి విలువ ఇంకా ఎక్కువ. వేలిముద్ర వేసిన అక్క సంతకం పెట్టి, తీర్మానం చదివించుకుని, "ఇది మేము అన్న మాట కాదు, మార్చి రాయండి" అంటుంది. బ్యాంకులో నిలబడి మాట్లాడినామె కూర్చుని మాట్లాడుతుంది. తన వాడకట్టు దాటి ఎరుగని మనిషికి మండలంలోని ప్రతి ఊరిలో ఒక అక్క దొరుకుతుంది. ఇంట్లో కూడా ఆమె మాటకు విలువ పెరుగుతుంది. పైసల లెక్క తెలిసిన ఆడదాన్ని మోసం చేయడం కష్టం.

అయితే ఒక్క సంగతి. ఈ చదువు కుర్చీలో కూర్చున్నవాళ్ళకే వస్తుంది. అవే రెండు మూడు పేర్లు ఏండ్ల తరబడి తిరుగుతుంటే, చదువు వాళ్ళ దగ్గరే ఆగిపోతుంది. మిగతావాళ్ళు మళ్ళీ "పెద్దమనుషులు చూసుకుంటరు" అనే పాత కాలానికే పోతారు. లెక్క అడిగేవాళ్ళు కరువైన చోట పుస్తకాలు పెండింగు పడతాయి, అప్పులు మొండి పడతాయి. కాబట్టి పదవి మారడమంటే ఒకరిని దించడం కాదు, ఇంకొకరికి నేర్పడం.

అందుకే ప్రతి సంఘాన్ని కోరుతున్నాం: ఈసారి ఇంతవరకు ఏ పదవీ చేయని అక్కను, చెల్లెను ముందుకు పంపండి. చదువు రాదని వెనుకకు జరగనీయకండి. మొదటి ఆరు నెలలు పాత కార్యవర్గం పక్కన కూర్చుని పుస్తకాలు, బ్యాంకు పని, ఆడిట్ నేర్పాలి. మీటింగు రోజున ఆమె పిల్లలను ఇంకొక సభ్యురాలు చూసుకోవాలి. కైకిలి ఒక్క దినం పోతది, నిజమే. ఆ దినం ఆమె మోసేది మనందరి బరువు కాబట్టి, ఆమె బరువులో కొంత మనం మోయడం న్యాయం.