హైదరాబాద్ ఫిర్యాదు: ముస్లిం దేశాల దౌత్యం, బెజవాడ దారి

సమితి సభ్యత్వం లేని రాజ్యమైనా తన వివాదాన్ని భద్రతామండలి ముందుంచవచ్చునని ఐక్యరాజ్యసమితి నిబంధనావళిలోని 35వ అధికరణ చెబుతుంది; 1948 ఆగస్టు 21న హైదరాబాద్ సంస్థానం భారతదేశంపై చేసిన ఫిర్యాదు ఆ అధికరణను ఆధారం చేసుకున్నదే. అందుకు ముస్లిం దేశాల నుంచి దక్కిన ఆసరా ఎందుకంత పలుచగా ఉండిపోయిందో తెలియాలంటే ఒకటిన్నర శతాబ్దం వెనక్కి వెళ్లాలి.

1798, 1800 సంవత్సరాల సైన్య సహకార ఒప్పందాలతో, అంటే ఆంగ్లేయుల సైన్యాన్ని తన ఖర్చుతో పోషిస్తూ వారి రక్షణలో ఉండే ఏర్పాటుతో, నిజాం పరరాజ్యాలతో స్వయంగా వ్యవహరించే హక్కును వదులుకున్నాడు. కాబట్టి ఇస్లామిక ప్రపంచంతో హైదరాబాద్‌కు మిగిలినవి దానధర్మాలూ వియ్యాలూ మాత్రమే. 1924 మార్చిలో టర్కీ గణతంత్రం ఖిలాఫత్‌ను రద్దుచేసి చివరి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్‌ను వెళ్లగొట్టగా, ఏడవ నిజాం ఆయనకు భరణం ఏర్పాటు చేశాడు. 1931 నవంబరులో ఫ్రాన్సులోని నీస్ నగరంలో ఖలీఫా కుమార్తె దుర్రు షెహ్వార్‌ను తన పెద్దకుమారుడు ఆజం జాకు చేసుకున్నాడు. ఆ వియ్యం ఎంత ఘనమైనదైనా అది రాజ్యం పోగొట్టుకున్న ఇంటితో కలిసినదే తప్ప, అంకారాలోని ప్రభుత్వంతో కాదు. హైదరాబాద్ దౌత్యంలోని అసలు లోపం ఇక్కడే ఉంది.

సంస్థానం భారతదేశంతో చేసుకున్న 1947 నవంబరు 29 నాటి యథాతథ ఒప్పందం విదేశ వ్యవహారాలను భారతదేశానికే అప్పగించింది. అయినా సంస్థానం పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల విలువైన భారత ప్రభుత్వ రుణపత్రాలను అప్పుగా ఇచ్చింది. కరాచీ నుంచి ఆస్ట్రేలియా వైమానికుడు సిడ్నీ కాటన్ విమానాలు రహస్యంగా ఆయుధాలు చేరవేశాయి. ఆ పాకిస్తాన్‌లోనే 1948 సెప్టెంబరు 11న ఆ దేశ స్థాపకుడు జిన్నా కన్నుమూశాడు. అరబ్ లీగ్ దేశాలు మే నెల నుంచి పాలస్తీనా యుద్ధంలో చిక్కుకుని ఉన్నాయి. ముస్లిం దేశాలు కలిసి మాట్లాడే ఇస్లామిక సహకార సంస్థ పుట్టడానికి ఇంకా 21 ఏళ్లు ఉంది. అప్పుడు భద్రతామండలిలో ఉన్న ఏకైక అరబ్ దేశం సిరియా.

ఫిర్యాదుపై మండలి సమావేశం కాకముందే, సెప్టెంబరు 13 ఉదయం మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర నాయకత్వాన బెజవాడ నుంచి కదిలిన భారత సేన, సంస్థానపు సాయుధ శకటాలను ఎదుర్కొంటూనే కోదాడ చేరింది. మధ్యాహ్నానికి మునగాల చేరింది. ఈ మునగాల పరగణా చుట్టూ నిజాం భూమే అయినా, అది కృష్ణా జిల్లాకు చెందినది. 15న గూర్ఖా దళం సూర్యాపేటను పట్టుకుంది. వెనుదిరిగిన సేనలు మూసీ వంతెనను కూల్చాయి గాని, దాన్ని కాపాడుతూ కాల్పులు జరిపేవారు ఎవరూ లేకపోవడంతో మరమ్మతు త్వరగానే ముగిసింది. ఆ మర్నాడు, 16న, పారిస్‌లో మండలి సమావేశమై హైదరాబాద్ అంశాన్ని ఎజెండాలో చేర్చాలా వద్దా అని ఓటు వేసింది. సిరియాతో కలిపి 8 ఓట్లు అనుకూలంగా పడ్డాయి, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు, సోవియట్ యూనియన్, ఉక్రెయిన్, చైనా తటస్థంగా ఉన్నాయి. ఫిర్యాదుదారు తరఫున మొయిన్ నవాజ్ జంగ్, భారతదేశం తరఫున రామస్వామి మొదలియార్ మాట్లాడారు. 1946 నుంచి దొరలతోనూ, ఆపైన నిజాం పక్షాన నిలిచిన సాయుధ రజాకార్లతోనూ ప్రాణాలకు తెగించి పోరాడిన సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతాల రైతుల తరఫున మాట్లాడే పీఠం ఆ సభలో లేదు. పోలీసు చర్యగా పిలిచిన ఈ దాడి తర్వాత సంస్థానపు పడమటి జిల్లాల్లో ఊచకోతకు గురైన సామాన్య ముస్లింల గోడు కూడా అక్కడికి చేరనేలేదు. విచారణకు వెళ్లిన పండిత్ సుందర్‌లాల్ బృందం సేకరించిన వారి వాంగ్మూలాలు దశాబ్దాలపాటు ప్రభుత్వ దస్త్రాల్లోనే ఉండిపోయాయి.

17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు. 22న నిజాం ఫిర్యాదును ఉపసంహరిస్తూ తంతి పంపాడు. 1949 మేలో పాకిస్తాన్ విదేశాంగ మంత్రి జఫ్రుల్లా ఖాన్ మండలిలో ఈ విషయాన్ని మళ్లీ వాదించినా, తీర్మానమేదీ రాలేదు. 1948 సెప్టెంబరులో లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ రహిమ్‌తులా ఖాతాకు మళ్లించిన సుమారు 10 లక్షల పౌండ్ల సంస్థానపు సొమ్ము మాత్రం బ్యాంకులోనే పెరుగుతూ వచ్చి, దాదాపు మూడున్నర కోట్ల పౌండ్లయ్యాక, 2019 అక్టోబరు 2న అక్కడి హైకోర్టు తీర్పుతో భారతదేశానికీ నిజాం వారసులకూ దక్కింది.