రైలు దిగిపోయిన వంతెనలు

హైదరాబాద్ హైటెక్ సిటీలో వాడుక పోయిన రైలు వంతెన ఒక్కటీ లేదు. ఈ ప్రాంతాన్ని ఆనుకుని పోయే వాడి-సికింద్రాబాద్ లైను 1874లో, నిజాం కాలంలో వేసింది. అది ఇవాళ్టికీ తెరిపి లేకుండా రైళ్లను మోస్తోంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఇక్కడ నేలకు ఎత్తున కట్టినవన్నీ కొత్తవే: ఫ్లైఓవర్లు, 2019లో హైటెక్ సిటీ దాకా వచ్చిన మెట్రో, 2020లో దుర్గం చెరువు మీది తీగల వంతెన. ఆ వంతెన తెరిచిన కొత్తలో వారాంతాల్లో బండ్లు ఆపి మనుషుల్ని నడవనిచ్చారు. జనం పోటెత్తారు. గాలి తగిలే ఎత్తులో, వెనక హారన్ మోత లేకుండా నాలుగడుగులు వెయ్యాలని ఈ నగరం ఎంతగా తపిస్తోందో అప్పుడే తెలిసింది.

ఆ తపనకు పాత రైలు కట్టడాలు పనికొస్తాయని ముందుగా చూపింది పారిస్. బాస్టీల్ నుంచి 1859లో మొదలైన విన్సెన్ లైను 1969లో ఆగిపోయింది. దాని ఎత్తు కట్టడం మీద చెట్లు పెంచి 1993లో నడకదారిగా తెరిచారు. కింది కమానుల్లో చేతిపనివాళ్ల దుకాణాలు వెలిశాయి. న్యూయార్క్ హైలైన్ కథ ఇంతకంటే పెనుగులాటతో నడిచింది. వీధిలో నడిచే గూడ్సు బండ్ల కింద పడి జనం చచ్చిపోతుంటే 1934లో పట్టాలను పైకెత్తారు. 1980లో చివరి బండి వెళ్లిపోయింది. కూల్చేయాలని నగరపాలకులు నిర్ణయించుకున్నాక కూడా 1999లో ఇద్దరు మామూలు పౌరులు మొదలుపెట్టిన సంఘం పట్టు వదల్లేదు. 2005లో రైల్వే కంపెనీ కట్టడాన్ని నగరానికి ఇచ్చేసింది. 2009 జూన్‌లో తొలి భాగం తెరుచుకుంది. బ్యాంకాక్‌లోనైతే రైలు ఎన్నడూ ఎక్కని, సగంలో వదిలేసిన కట్టడమే 2020లో నది మీది పార్కయింది.

మనకు వీటన్నిటికంటే దగ్గరి పోలిక హడ్సన్ నది మీది పొకీప్సీ వంతెన. 1889లో మొదలైన ఆ రైలు వంతెన 1974లో మంటలంటుకుని మూలపడింది. ఊరివాళ్లు ఏళ్ల తరబడి కష్టపడ్డాక 2009లో నడకదారి అయింది. పొడవు రెండు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. దానికంటే పొడవైనది మన గోదావరి మీద ఖాళీగా ఉంది.

రాజమండ్రి హేవలాక్ వంతెన పని 1897 నవంబరులో మొదలై 1900 ఆగస్టులో పూర్తయింది. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ ఎలిబ్యాంక్ హేవలాక్ పేరు పెట్టారు. కట్టించిన ఇంజినీరు వాల్టన్ అంతకుముందు కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన నిలబెట్టినవాడు. ఒక్కోటి నూట యాభై అడుగుల చొప్పున 56 ఖానాలు, మొత్తం దాదాపు 2.7 కిలోమీటర్లు. వరదల్లో సముద్రంలా పొంగే నదిలో, ఈనాటి యంత్రాలు లేని రోజుల్లో, మూడేళ్లు తిరక్కుండానే ఇది లేచింది. అంతదాకా మద్రాసు వైపు నుంచి వచ్చినవాళ్లు కొవ్వూరులో దిగి, నది దాటి, ఇవతలి గట్టున మళ్లీ రైలెక్కాల్సివచ్చేది. మద్రాసు నుంచి కలకత్తాకు తెగని పట్టాల దారి దీనితోనే ఏర్పడింది. తర్వాత 1974లో రోడ్డు కం రైలు వంతెన, 1997లో ఆర్చి వంతెన వచ్చాయి. దాంతో దాదాపు శతాబ్దం బండ్లు మోసిన ఒంటి లైను పాత వంతెనకు విశ్రాంతి ఇచ్చారు.

ఆ విశ్రాంతే దానికి చేటు చేసింది. తుక్కు కింద అమ్మేద్దామన్న మాట వచ్చినప్పుడు రాజమండ్రివాళ్లు ఒప్పుకోలేదు. అందుకు వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. పర్యాటక కేంద్రం చేస్తామన్న మాట మాత్రం ప్రభుత్వాలు మారినా అలాగే వినిపిస్తూ వచ్చింది. వంతెన అప్పట్లో రైల్వేది, పర్యాటకం రాష్ట్రానిది. న్యూయార్క్‌లో మలుపు తిప్పింది పూలమొక్కలు కాదు, చేతులు మారిన హక్కు పత్రం. మన ఆలస్యానికి మూలం కూడా అక్కడే ఉందని నా నమ్మకం. చివరికి 2025 జూన్‌లో రూ. 94.44 కోట్లతో అఖండ గోదావరి పథకానికి రాజమండ్రిలో శంకుస్థాపన జరిగింది. అందులో ఈ వంతెన కూడా ఉంది. 2027 పుష్కరాలు దగ్గరపడుతున్నాయి.

లింగంపల్లిలో రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కిన ఐటీ ఉద్యోగులు ఎందరో తెల్లవారుతుండగా గోదావరి దాటుతారు. ఆర్చి వంతెన మీదుగా పోయే రైల్లో కూర్చుంటే ఆ పక్కనే పాత గడ్డర్లు కనిపిస్తాయి. వాళ్లు పనిచేసే చోటి నుంచి ఈ వంతెన నేర్చుకోవలసింది ఒకటుంది. పారిస్, న్యూయార్క్ నమూనాలు ఎండ కోసం ఎదురుచూసే ఊళ్లవి. మే నెలలో రాజమండ్రిలో ఇనుప వంతెన మీద మిట్టమధ్యాహ్నం నడవమంటే ఎవరు నడుస్తారు? సైబరాబాద్ అంచున ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ దారి వేసినప్పుడు పైన సౌర ఫలకాలే కప్పుగా పరిచారు. నీడకు నీడ, కరెంటుకు కరెంటు. గోదావరి మీద కూడా అక్కడక్కడా అలాంటి కప్పు వేసి, నది కనిపించేలా పక్కలు వదిలేస్తే చాలు. మొక్కల కోసం వెతుక్కోనక్కర్లేదు, కడియం నర్సరీలు కూతవేటు దూరంలోనే ఉన్నాయి. కాకపోతే పాత గడ్డర్ల మీద తడిమట్టి బరువు ఎంత మోపవచ్చో ఇంజినీర్లు తేల్చాకే కుండీ పెట్టాలి. పాత పట్టాలు మిగిలివున్న మేర వాటిని పీకకుండా దారిలో కలిపేస్తే ఇది రైలు వంతెనేనని పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అసలు ఖర్చు ప్రారంభోత్సవం మర్నాటి నుంచి మొదలవుతుంది. నది గాలికి ఇనుముకు మళ్లీ మళ్లీ రంగు వెయ్యాలి, రివిట్లు చూడాలి, రాత్రి కాపలా ఉండాలి. హైలైన్ నడిపేందుకయ్యే డబ్బులో ఎక్కువ భాగం ఆ పౌర సంఘమే విరాళాలు పోగుచేసి తెస్తోంది. పుష్కరాల జనం వెళ్లిపోయాక హేవలాక్ వంతెన బాధ్యత ఏ సంస్థది, ఏటా ఆ సొమ్ము ఎక్కణ్నుంచి వస్తుంది అన్న రెండు సంగతులూ పథకం కాగితాల్లో ఇప్పుడే, పేరుతో సహా రాసి ఉండాలి.