చెవికి బిరడా

ప్రయాణాల్లో పాటలు వినడానికి మంచి ఇయర్‌ఫోన్లు ఏవి కొనమంటారని ఒక మిత్రుడు కొన్నాళ్ళ క్రితం జాబు వ్రాశారు. ఏదో ఒక కంపెనీ పేరు చెప్పేస్తే సరిపోయేది. కానీ ఆ ప్రశ్న నన్ను ఊరుకోనివ్వలేదు. అందుకు కారణం నా ఎడమ చెవి.

ఉద్యోగరీత్యా చాలా ఏళ్ళు వారం వారం రాత్రి రైళ్ళలో తిరిగాను. స్లీపరు పెట్టెలో కిటికీ పక్కన కూర్చుని, పట్టాల రొదను జయించడానికి శబ్దాన్ని ఒక్కొక్క మెట్టే పెంచుకుంటూ పోయేవాణ్ణి. వంతెన వచ్చినప్పుడు ఇంకొక మెట్టు. వంతెన దాటాక తగ్గించాలన్న సంగతి మాత్రం గుర్తుండేది కాదు. కొన్నేళ్ళకు, ఇల్లంతా నిద్రపోయిన వేళ కూడా ఎడమ చెవిలో సన్నని కూత ఒకటి వినబడసాగింది. పరీక్ష చేయించుకుంటే గ్రాఫులో 4,000 హెర్ట్జ్ దగ్గర చిన్న లోయ కనబడింది. మితిమీరిన ధ్వని చెవిమీద పెట్టే తొలి సంతకం సాధారణంగా ఆ చోటనే ఉంటుంది.

ఆ పరీక్షకు ముందు నిపుణురాలు పసుపుపచ్చని నురుగు బిరడా ఒకదాన్ని వేళ్ళతో నలిపి, సన్నగా చేసి నా చెవిలో దూర్చారు. అది మెల్లగా ఉబ్బి చెవిని నింపేసింది. బయటి లోకం ఆగిపోయింది. బిరడా నడుమనున్న గొట్టంలోంచి, ఉన్నాయా లేవా అన్నంత చిన్న స్వరాలు సైతం స్పష్టంగా వినవచ్చాయి. ఇన్నేళ్ళూ రైల్లో నాకు కావలసింది ఇదే కదా అనిపించింది. తరువాత చదివితే తెలిసింది, చెవిని మూసివేసే సంగీతపు ఇయర్‌ఫోనూ, ఆ పరీక్షా పరికరమూ ఒక ఇంటి బిడ్డలేనని. ఆ వంశవృక్షమే ఈ టపా.

చెవిలో గొట్టం పెట్టుకుని వినడం మొదట వైద్యుల అలవాటు. రెండు చెవులకూ పనికివచ్చే స్టెతస్కోపును 1852లో న్యూయార్కు వైద్యుడు జార్జి కమన్ తీర్చిదిద్దాడు. 1889 నవంబరు 23న శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక మద్యశాలలో లూయీ గ్లాస్ అనే ఆయన ఎడిసన్ ఫోనోగ్రాఫుకు నాణెం వేస్తే మ్రోగే ఏర్పాటు తగిలించినప్పుడు, వినేవారికి ఇచ్చినవి అటువంటి గొట్టాలే. చుట్టూ త్రాగుబోతుల గోల, చెవిలో తనకొక్కడికే వినబడే పాట. రొద మధ్యన ఏకాంతం అనే సరుకు అంగడికి వచ్చింది.

మరో రెండేళ్ళకు, 1891లో, ఎర్నెస్ట్ మెర్కాడియే అనే ఫ్రెంచి ఇంజినీరు అమెరికాలో ఒక పేటెంటు పొందాడు. టెలిఫోను ఉద్యోగుల చెవుల్లో ఇమిడే జంట శ్రవణయంత్రం అది. బరువు ఒకటిముప్పాతిక ఔన్సుకు లోపు, అంటే సుమారు 50 గ్రాములు. చెవిలోకి వెళ్ళే కొసలకు రబ్బరు తొడుగులు వేయమన్నాడు. రాపిడి తగ్గడం ఒక ప్రయోజనమైతే, బయటి శబ్దాలు లోపలికి రాకుండా చెవి మూసుకుపోవడం రెండోది. నూటముప్పై ఏళ్ళు దాటినా నేటి ఇయర్‌ఫోను రబ్బరు కొస చేస్తున్న పని ఆ రెండే!

అయితే చరిత్ర అక్కడినుంచి తిన్నగా నడవలేదు. యూటా రాష్ట్రంలో నథానియల్ బాల్డ్విన్ తన వంటింట్లో తయారుచేసి 1910లో అమెరికా నౌకాదళానికి పంపిన హెడ్‌ఫోను చెవిమీద కూర్చునేది. ఆ తరువాత దశాబ్దాలపాటు హెడ్‌ఫోను అంటే తలకు పట్టీ, చెవులకు గిన్నెలు. చెవిలోకి దూరే రకం వినికిడి యంత్రాలకూ, ట్రాన్సిస్టరు రేడియోల ఒంటిచెవి బుడిపెలకూ పరిమితమైపోయింది. చొక్కా జేబులో రేడియో, చెవిలో బుడిపె పెట్టుకుని ఆఫీసు బల్ల దగ్గర క్రికెట్టు వ్యాఖ్యానం విన్న పెద్దలు మనలో చాలామందికి తెలుసు.

1979 జూలై 1న జపానులో 33,000 యెన్లకు సోనీ వాక్‌మన్ విడుదలైంది. దానితో వచ్చిన హెడ్‌ఫోను 50 గ్రాముల లోపే. అంతకుముందరివి 300, 400 గ్రాములు తూగేవి. ఇక్కడొక తమాషా ఉంది. ఒక మనిషి ఒంటరిగా సంగీతంలో మునిగిపోవడం పక్కవారికి అమర్యాద కాదా అని సోనీ అధిపతి అకియో మొరీటా సందేహించాడు. ఇంట్లో వాక్‌మన్‌తో ప్రయోగాలు చేస్తూంటే తనను వెలివేసినట్లున్నదని భార్య చిన్నబుచ్చుకుందని తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. అందుచేత తొలి వాక్‌మన్‌కు ఇద్దరు వినడానికి రెండు రంధ్రాలూ, పాటను తగ్గించి పక్కవారితో మాట్లాడడానికి ఒక నారింజరంగు మీటా పెట్టారు. ఆ మర్యాద మంచిదే. కానీ పలుచని స్పాంజి దిండ్లు చెవిని మూయవు, వీధి రొద యథేచ్ఛగా లోపలికి వచ్చేది. దాన్ని మించి వినాలంటే ధ్వనిని పెంచడమొక్కటే మార్గం. తరువాత వచ్చిన, చెవి దొప్పలో వ్రేలాడే చిన్న బొత్తాములదీ ఇదే కథ. 2001 అక్టోబరులో వచ్చిన ఐపాడ్ తెల్లతీగలు ప్రపంచమంతా వ్యాపించినప్పుడు, వాటితోపాటు ఈ లోపమూ వ్యాపించింది.

పరిష్కారం సంగీతపు వ్యాపారంలో పుట్టలేదు. అది వినికిడి లోపం ఉన్నవారికోసం పనిచేసిన చోట పుట్టింది. మీడ్ కిలియన్ అమెరికాలో వినికిడి యంత్రాల విడిభాగాలు చేసే నోల్స్ సంస్థలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాడు. వినికిడి యంత్రం బొంగురు గొంతుతోనే పలకనక్కరలేదనీ, మేలైన సంగీతాన్ని కూడా అందించగలదనీ నిరూపించడమే 1979లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఆయన చేసిన పరిశోధన సారం. 1983లో ఇలినాయ్‌లో ఈటిమోటిక్ రీసెర్చ్ అనే సంస్థను స్థాపించి, చెవి పరీక్షలకోసం నురుగు బిరడాలున్న ఇయర్‌ఫోన్లు తయారుచేశాడు. పరీక్షలో బయటి శబ్దం కలిస్తే ఫలితం తప్పుతుంది కనుక, బిరడా అక్కడ అలంకారం కాదు, అవసరం. ఆ బిరడా పదార్థానిదీ ఒక కథే. 1967లో రాస్ గార్డనర్ బృందం అతుకులు మూసే పదార్థాలను పరిశోధిస్తూ కనుగొన్న నురుగు, 1972 నాటికి కార్మికుల చెవిబిరడా అయింది.

అదే జ్ఞానంతో 1991లో సంగీతం కోసం వచ్చింది ఇఆర్-4. మన చెవి గొట్టం ఒక చిన్న పిల్లనగ్రోవి వంటిది. సుమారు 2,700 హెర్ట్జ్ దరిదాపుల్లోని ధ్వనులను అది సహజంగానే పెంచుతుంది. బిరడా పెట్టగానే ఆ గుణం పోతుంది. పోయినదాన్ని ఇయర్‌ఫోనే తిరిగి కల్పించాలన్నది కిలియన్ సూత్రం. లోపల ధ్వనిని పుట్టించేది ఆయస్కాంతాల నడుమ కదలాడే సన్నని రేకు. వినికిడి యంత్రాలలో ఉండేదీ, బాల్డ్విన్ వంటింటి హెడ్‌ఫోనులో ఉన్నదీ మూలసూత్రం దృష్ట్యా అదే. చెవిలో బాగా కుదిరితే బయటి శబ్దాన్ని 35 డెసిబెళ్ళ దాకా అడ్డుకుంటుందని తయారీదారుల లెక్క.

ఇంకొక పాయ రంగస్థలం మీదినుంచి వచ్చింది. 1995లో జెర్రీ హార్వీ అనే ధ్వని నిపుణుడు డ్రమ్ము వాద్యకారుడు అలెక్స్ వాన్ హేలెన్ కోసం, చెవి అచ్చు తీసి మరీ ఇయర్‌ఫోన్లు చేశాడు. అల్టిమేట్ ఇయర్స్ సంస్థ అలా మొదలైంది. వేదికమీది హోరులో తన వాద్యాన్ని తాను వినడానికి ఇంకా హోరు పెంచుకోవలసిన దుస్థితి అతనిది. స్లీపరు పెట్టెలో నా స్థితికీ దానికీ మోతాదులోనే తేడా.

ఇక మిత్రుని ప్రశ్నకు వస్తాను. ఈ చరిత్ర చెప్పేదొక్కటే. మీరు కొంటున్నది యంత్రాన్ని కాదు, బిరడాను. బిరడా కుదరకపోతే ఎంత ఖరీదైన ఇయర్‌ఫోనైనా మృదంగపు తొప్పిని మాయం చేస్తుంది, ఎందుకంటే సందులోంచి మొదట జారిపోయేది మంద్రధ్వనే. కనుక పెట్టెలో వచ్చే చిన్నా పెద్దా కొసలన్నీ ఓపికగా పెట్టి చూడండి. రెండు చెవులకూ ఒకే కొలత సరిపోవాలని లేదు. రెండవ చేత్తో చెవిని కాస్త పైకీ వెనక్కీ లాగి పెడితే సులువుగా కుదురుతుంది. నురుగు కొస బాగా మూస్తుంది కానీ త్వరగా అరుగుతుంది. రబ్బరు కొస కడుక్కోవచ్చు. తీగ చొక్కాకు రాసుకుంటే ఆ గరగర చెవిలో ఉరుముతుంది, చెవి పైనుంచి వెనక్కి త్రిప్పుకుంటే తగ్గుతుంది. విద్యుత్తుతో రొదకు ఎదురు తరంగాన్ని సృష్టించి చంపే పద్ధతి వేరొకటి ఉంది. 1978లో విమానంలో అమర్ బోస్ మనసులో మెదిలిన ఆలోచన అది. ఇంజను మ్రోత వంటి నిలకడైన మంద్రధ్వనులకు అది గొప్పది. మాటలకూ కీచు శబ్దాలకూ బిరడాయే గట్టిది. 2019 తరువాత ఈ రెండూ ఒకే బుడిపెలో కలిసి రావడం మామూలైపోయింది. రోడ్డుమీద నడిచేటప్పుడు మాత్రం ఏ రకమూ వద్దు. మొరీటా నారింజరంగు మీట అక్కడ గుర్తుంచుకోవాలి.

లెక్క కూడా చెప్పి ముగిస్తాను. 85 డెసిబెళ్ళ ధ్వనిని రోజుకు 8 గంటలు మించి వినరాదనీ, ప్రతి 3 డెసిబెళ్ళకూ ఆ వ్యవధి సగమవుతుందనీ అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ 1998లో సూచించింది. ఆ లెక్కన 100 డెసిబెళ్ళకు మిగిలేది 15 నిమిషాలు. లోపలి చెవిలోని సూక్ష్మరోమకణాలు ఒకసారి పోతే మనిషిలో మళ్ళీ మొలవవు. బిరడా సంగీతాన్ని పెంచదు. పెంచవలసిన అవసరాన్ని తగ్గిస్తుంది. అయితే బిరడా పెట్టుకుని కూడా శబ్దం పెంచుకునేవారికి అది రక్ష కాదు, ఇంకా కీడు.

ఇప్పుడూ రైల్లో పాటలు వింటాను. కచేరీ మొదలయ్యే ముందు గాయకుడు గొంతు సవరించుకుంటున్నప్పుడు వెనుక మ్రోగే తంబురా, ఒకనాడు శబ్దాన్ని ఎంత పెంచినా పట్టాల రొదలో దొరికేది కాదు. ఇప్పుడు అతి తక్కువ మెట్టు మీద అది స్పష్టంగా వినబడుతుంది. పాట ఆగాక ఎడమ చెవిలోని కూత కూడా వినబడుతుంది. దానికి బిరడా లేదు. మీకు ఆ అవసరం రాకూడదనే ఇంత పొడుగు జవాబు వ్రాశాను.