నాలుగు లక్షల నజర్లు, ఒక్క దిమాగ్

2009 డిసెంబర్ 2న అమెరికాలోని శాన్ డియాగోలో, కాలిఫోర్నియా యూనివర్సిటీ ల్యాబ్‌లో, గడ్డకట్టించిన ఒక మనిషి దిమాగ్‌ను పొరలు పొరలుగా కోయడం మొదలుపెట్టారు. పని 53 గంటలు సాగింది. 2,401 పొరలు వచ్చాయి. ఒక్కోటి వెంట్రుకంత సన్నం. కెమెరా పెట్టి ఇంటర్నెట్‌లో లైవ్ చూపించారు. దాదాపు 4 లక్షల మంది చూశారు.

నేను పత్రికలో హెడ్డింగులు పెట్టే మనిషిని. జనం నజర్ ఎక్కడ పడుతుందో చూసుకోవడం నా రోజువారీ పని. అయినా ఈ లెక్క దగ్గర ఆగిపోతే, అసలు మనిషి మనకు దొరకడు.

ఆయన పేరు హెన్రీ మోలైసన్. 1926లో పుట్టాడు. చిన్నతనం నుంచి ఫిట్స్. ఏ దవా పని చేయలేదు. 1953లో, 27 ఏళ్ల వయసులో, హార్ట్‌ఫర్డ్‌లో విలియం స్కోవిల్ అనే సర్జన్ ఆయన దిమాగ్‌లో రెండు వైపులా హిప్పోక్యాంపస్ అనే చోట కొంత భాగం తీసేశాడు. అదొక తజుర్బా, ప్రయోగం. ఫిట్స్ తగ్గాయి. కానీ ఆ రోజు నుంచి కొత్త యాద్ ఏదీ నిలవలేదు. పలకరించి బయటికెళ్లి, కాసేపటికి తిరిగొచ్చిన మనిషి ఆయనకు మళ్లీ కొత్తే.

1957లో స్కోవిల్, బ్రెండా మిల్నర్ కలిసి దీని గురించి పేపర్ రాశారు. దాన్ని ప్రపంచమంతా చదివింది. కానీ అందులో ఆయన పేరు లేదు, ‘హెచ్.ఎం.’ అని రెండక్షరాలే. 2008లో, 82 ఏళ్లకు, ఆయన ఇంతెఖాల్ అయ్యాకే పేరు బయటపడింది.

ఆయన వల్ల తెలిసిన పెద్ద సంగతి: హాఫిజా ఒక్కటి కాదు. అద్దంలో చూస్తూ నక్షత్రం గీయమని మిల్నర్ ఆయనకు పని ఇచ్చింది. మూడు రోజుల్లో ఆయన చేయి తిరిగింది. కానీ అంతకు ముందు గీసినట్టు ఆయనకు గుర్తే లేదు. మనసు మరిచినది చేయి నేర్చుకుంది.

మరి యాద్దాశ్త్ పోతే ఖుదీ పోతుందా? ఆయనకు తన పేరు తెలుసు, అమ్మానాన్నలు తెలుసు, చిన్ననాటి రోజులు తెలుసు. పదకేళీలు పూరించేవాడు, నవ్వించేవాడు. తహజీబ్ ఉన్న మనిషి. సుజాన్ కార్కిన్ నలభై ఏళ్లకు పైగా ఆయన మీద పరిశోధన చేసింది. ఆయనకు ఆమె ఎవరో గుర్తుండేది కాదు, కానీ స్కూల్లో ఎక్కడో చూసిన మనిషిలా అనిపించేది. గుర్తు లేకపోయినా పరిచయం మిగిలింది.

ఇక ఇజాజత్ సంగతి. దిమాగ్ దానానికి 1992లో కోర్టు నియమించిన గార్డియన్‌తో కలిసి ఆయన ఒప్పుకున్నాడు. నిమిషాల్లో మరిచిపోయే మనిషి ‘సరే’కు విలువెంత? స్కోవిల్ మనవడు, జర్నలిస్ట్ ల్యూక్ డిట్రిచ్, 2016లో రాసిన పుస్తకంలో ఈ ఇజాజత్ గురించే గట్టిగా అడిగాడు.

కోసిన పొరల ఫలితాలు 2014లో వచ్చాయి. అనుకున్నదానికంటే హిప్పోక్యాంపస్ ఎక్కువే మిగిలి ఉంది. ముందు భాగంలో ఎవరూ ఊహించని ఒక గాయం కూడా కనిపించింది. అంటే అరవై ఏళ్లుగా పాఠ్యపుస్తకాలు చెప్పిన కథను కొంత సరిచేసుకోవాల్సి వచ్చింది. కోత చూడటానికి తీరిక ఉంటే చాలు. ఈ సరిదిద్దిన కథ చదవడానికి మాత్రం సబర్ కావాలి.

మన ఇళ్లలోనూ యాద్దాశ్త్ తప్పిన దాదీలు, నానాలు ఉన్నారు. వాళ్ల జబ్బు వేరు, హెన్రీది వేరు. కానీ “ఆమెకేం తెలుస్తుందిలే” అని ఆమె ముందే మాట్లాడేస్తాం. కాగితం చేతికిచ్చి వేలిముద్ర వేయిస్తాం. పేరు మరిచిన దాదీ కూడా పలకరిస్తే చేయెత్తి దువా ఇస్తుంది. ఆ చేయి ఎవరిది? ఆ మనిషి అక్కడే ఉంది. ఆమె తరఫున సంతకం పెట్టే ముందు, ఒకసారి ఆమెనే అడగండి. మరిచిపోతే, ఇంకోసారి అడగండి.